గుర్రానికి బలం డబ్బాలో ఉందా?

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువలేదు" అని మనవాళ్ళ సామెత. ఆ సామెత పుట్టిన నాటికి దాణా అంటే ఉలవగుగ్గిళ్ళు, శనగలు, గడ్డి, అంతే. ఈనాడు గుర్రాలకు కూడా డబ్బాలు వచ్చాయి. మనుషులకు టానిక్కులున్నట్లే వాటికీ పొడులున్నాయి, ముద్దలున్నాయి, సీసాల్లో ద్రవాలున్నాయి. అందులో పెద్దపేరు మోస్తున్నవి ఎమినో ఆమ్లాల డబ్బాలు. "కండ పట్టిస్తుంది", "వెంట్రుక నిగనిగలాడిస్తుంది", "పరుగు పెంచుతుంది" అని వాటిమీద వ్రాసి ఉంటుంది. గుర్రానికి చదువు రాదు గదా! చదివేవాడు యజమాని. మేలు జరిగినా, మోసం జరిగినా ఆ చదవటంలోనే ఉన్నది.

ఈ సంగతి నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. మా బావమరిది పుణ్యమా అని తెలిసింది.

మూడు డబ్బాలు

మా బావమరిది హైదరాబాదు శివార్లలో చిన్న గుర్రపుస్వారీ బడి నడుపుతున్నాడు. నాలుగు పెద్ద గుర్రాలు. అవి చాలవన్నట్లు అప్పుచేసి ఏడాది వయసున్న ఆడపిల్ల నొకదాన్ని కొన్నాడు. మంచి జాతి పిల్ల. ఎదిగితే అయిదువందల కిలోలు తూగుతుందని అమ్మినవాళ్ళ మాట. తీరా తెచ్చి మూడు నెలలైనా దానికి కండ పట్టలేదు. వీపు మీద వెన్నుపూస గట్టులా కనిపించేది. వెంట్రుక పాలిపోయి ఉండేది. ఎత్తు మాత్రం పెరుగుతున్నది, నిట్రాయిలాగా!

ఒకనాటి సాయంత్రం మూడు డబ్బాలు సంచిలో వేసుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ వేళకు మా బాబాయిగారు మా ఇంట్లోనే ఉన్నారు. ఆయన ముప్ఫై ఏళ్ళకుపైగా పశువైద్యం చేసి రిటైరయినవారు.

"మామయ్యగారూ, మీరే చెప్పాలి. ఒకాయన ఇది మంచిదన్నాడు, ఇంకొకాయన అది మంచిదన్నాడు. మూడూ కొన్నాను. మూడూ కలిపి పెట్టమంటారా? లేక ఎవరో చెప్పినట్లు సూది వేయించమంటారా? పదిరోజుల్లో నిగనిగలాడుతుందట!"

బాబాయిగారు కళ్ళజోడు తగిలించుకుని మూడు డబ్బాలూ తిప్పితిప్పి చూశారు. మొదటిదాని మీద దౌడుతీసే గుర్రం బొమ్మ. "18 రకాల ఎమినో ఆమ్లాలు" అని బంగారు అక్షరాలు. ధర కూడా బంగారపు ధరే. రెండోదానిలో లూసిన్, ఐసోలూసిన్, వేలిన్ అని మూడే ఉన్నాయి; ఇవి కండరాలవాళ్ళు, కుస్తీవాళ్ళు కూడా త్రాగుతారట. మూడోది బొమ్మలేని తెల్లడబ్బా. దానిమీద లైసిన్ ఇంత, త్రియోనిన్ ఇంత, మెథియోనిన్ ఇంత అని గ్రాముల్లో వ్రాసి ఉన్నది.

"డబ్బాలు సరేనోయ్, నీ గుర్రప్పిల్ల ఏం తింటున్నదో చెప్పు" అన్నారు.

"రెండు డొక్కుల ఓట్లు, రెండు డొక్కుల గోధుమతవుడు, తిన్నంత ఎండుగడ్డి."

"డొక్కుల్లో కాదు, కిలోల్లో."

బావమరిది నావంక చూశాడు. నేను కిటికీవంక చూశాను.

అచ్చుల పెట్టెలో లేని అక్షరం

డబ్బా సంగతి తేల్చేముందు ఈ ఎమినో ఆమ్లాలంటే ఏమిటో తెలియాలి. బాబాయిగారు చెప్పిన పద్ధతి నాకు బాగా పట్టింది, ఎందుకంటే అది మా పత్రికలవాళ్ళ భాష.

వెనుకటి రోజుల్లో పత్రికను సీసపు అచ్చులతో కూర్చేవారు. కంపోజిటరు ముందు గళ్ళపెట్టె. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరం. ఒక పుట కూర్చాలంటే అన్ని అక్షరాలూ కావలసినన్ని ఉండాలి. 'ల' అచ్చులు అయిపోయాయనుకోండి, 'క'లు కుప్పలుగా ఉన్నా పుట ఆగిపోతుంది. మిగిలిన 'క'లు ఎందుకూ కొరగావు.

ఒంట్లోని మాంసకృత్తులు కూడా ఇలా కూర్చిన పుటలే. కండ, డెక్క, వెంట్రుక, రక్తం, పాలు అన్నిటిలోనూ అవి ఉన్నాయి. వాటిని కూర్చే అక్షరాలు సుమారు 20 ఎమినో ఆమ్లాలు. వాటిలో సగం శరీరమే తయారుచేసుకోగలదు. తక్కిన పదింటిని తిండిలోనుంచి తెచ్చుకోవలసిందే. ఈ రెండు జాతులనూ విడదీసి చూపినవారిలో ముఖ్యుడు అమెరికా శాస్త్రజ్ఞుడు విలియం రోజ్. త్రియోనిన్‌ను 1935లో కనిపెట్టినది ఆయనే. లైసిన్‌ను అంతకు చాలా ముందే, 1889లో, పాలలోని మాంసకృత్తునుంచి జర్మనీలో వేరుచేశారు.

గుర్రాలు మామూలుగా తినే గడ్డి, గింజల్లో ముందుగా అయిపోయే అక్షరం లైసిన్. దాని తరువాత త్రియోనిన్, ఆ తరువాత మెథియోనిన్ తగ్గుతాయని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అంటే, మన డబ్బాలో 18 అక్షరాలున్నాయా, 3 ఉన్నాయా అన్నది ప్రశ్న కాదు. మన పెట్టెలో లేని అక్షరం అందులో ఉన్నదా, ఉంటే ఎంత ఉన్నది? ప్రశ్న అదొక్కటే.

"మరి మిగిలిపోయిన అక్షరాలు ఏమవుతాయి మామయ్యగారూ?"

"మూత్రంలో పోతాయి. వాటిలోని నత్రజనిని కాలేయం యూరియాగా మార్చి బయటికి పంపుతుంది. గుర్రం ఎక్కువ నీళ్ళు త్రాగుతుంది, ఎక్కువ పోస్తుంది. లాయంలో కళ్ళు మండే ఘాటు వస్తుందే, అది నీ డబ్బు వాసన! ఆ అమోనియా గుర్రం ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదు."

ఆవు వేరు, గుర్రం వేరు

ఇక్కడ చాలామంది రైతుబిడ్డలు పొరపడతారు. ఆవుకు ముతకగడ్డి వేసినా పాలిస్తున్నది గదా, గుర్రానికి మాత్రం ఇంత లెక్క ఎందుకంటారు.

తేడా పొట్టలో ఉన్నది. ఆవుకు మేత ముందుగా పెద్దపొట్టలో పడుతుంది. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఆ గడ్డితో తమ ఒళ్ళు తాము కట్టుకుంటాయి. తరువాత అవి చిన్నప్రేవులోకి జారి జీర్ణమై ఆవుకు మంచి మాంసకృత్తులుగా ఉపయోగపడతాయి. గుర్రానికి ఈ వరుస తారుమారు. మేత ముందు చిన్నప్రేవు దాటుతుంది. ఆ తరువాతనే సూక్ష్మజీవులుండే పెద్దప్రేవు వస్తుంది. ఎమినో ఆమ్లాలను పీల్చుకునే చోటు చిన్నప్రేవు. వెనుక సూక్ష్మజీవులు ఎంత వండినా, వడ్డించే విస్తరి ముందే ఎత్తేశారన్నమాట! అందులో గుర్రానికి దక్కేది అత్యల్పం.

కాబట్టి గుర్రం తినే మేతలోనే మంచి సరుకు ఉండాలి. ఆవుల దాణాలో కొద్దిగా కలిపే యూరియా గుర్రానికి పనికిరాదు. కోళ్ళకోసం, ఆవులకోసం తయారుచేసిన దాణా మిశ్రమాలు చవక గదా అని గుర్రానికి పెట్టటం ఇంకా ప్రమాదం. వాటిలో మొనెన్సిన్ అనే మందు కలిపి ఉండవచ్చు. కోడికి, ఆవుకు మేలుచేసే ఆ మందు గుర్రం గుండెను దెబ్బతీసి చంపుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా ఈ వ్యాసం చదివిన శ్రమ దండుగ కాదు.

త్రాసు తీసుకురండి!

మరునాటి ఉదయం ముగ్గురం లాయానికి వెళ్ళాము. బాబాయిగారు డబ్బాల మూత తీయనివ్వలేదు. ముందు పిల్ల నోరు తెరిపించి పళ్ళు చూశారు. తరువాత పేడ పరీక్షకు పంపమన్నారు. "పురుగులుంటే నువ్వు పోసే లైసిన్ పిల్లకు కాదు, పురుగులకు బలం" అన్నారు. రక్తపరీక్ష కూడా చేయించమన్నారు. మన దేశంలో సర్రా అనే జబ్బు ఈగల మూలాన వ్యాపించి గుర్రాలను చిక్కిపోయేట్టు చేస్తుంది. దాన్ని తిండిలోపం అనుకుని డబ్బాలు కొనేవాళ్ళున్నారట.

ఆ తరువాత త్రాసు. గుర్రాలను చూసే సైసు వయసు మళ్ళినవాడు. త్రాసు చూసి నవ్వాడు. ఓట్ల డొక్కు తూచితే ఒక కిలో ఉన్నది. అదే డొక్కునిండా తవుడు పోస్తే అర్థకిలోయే! కొలత ఒకటే, తూకం వేరు. బావమరిది రెండు డొక్కుల తవుడు రెండు కిలోలనే అనుకుంటున్నాడు ఇన్నాళ్ళూ.

చివరికి తేలిన లెక్క ఇది. పిల్ల బరువు టేపు కొలత ప్రకారం సుమారు 320 కిలోలు. రోజుకు 4½ కిలోల ఎండుగడ్డి, 2 కిలోల ఓట్లు, 1 కిలో గోధుమతవుడు తింటున్నది.

ఇక కావలసినది ఎంత? అమెరికా జాతీయ పరిశోధన మండలి గుర్రాల పోషణమీద ప్రకటించిన గ్రంథం ఆరవ ప్రతి 2007లో వెలువడింది. ఎమినో ఆమ్లాల్లో లైసిన్‌కు మాత్రమే అందులో నికరమైన అంకెలున్నాయి. 500 కిలోల గుర్రం పనిలేకుండా ఊరికే నిలబడితే రోజుకు సుమారు 630 గ్రాముల మాంసకృత్తులు, వాటిలో 27 గ్రాముల లైసిన్ కావాలి. కష్టమైన పని చేస్తే 862 గ్రాములు, 37 గ్రాములు. ఈనిన మొదటినెలలో పాలిచ్చే తల్లికయితే 1535 గ్రాములు, 85 గ్రాములు! 320 కిలోల ఏడాది పిల్లకు 846 గ్రాములు, 36 గ్రాములు. చూశారా, ఎదిగే పిల్ల ఆకలి! కష్టపడే పెద్దగుర్రానికి ఎంత కావాలో దీనికీ ఇంచుమించు అంతే కావాలి.

బాబాయిగారు గోడమీద బొగ్గుతో లెక్క వేశారు. మన ఎండుగడ్డిలో మాంసకృత్తులు నూటికి ఆరుపాళ్ళు అనుకుందాం. 4½ కిలోలకు 270 గ్రాములు. లైసిన్ 9 గ్రాములు. ఓట్లలో 230 గ్రాములు, లైసిన్ 8. తవుడులో 160, లైసిన్ 6. మొత్తం 660 గ్రాముల మాంసకృత్తులు, 23 గ్రాముల లైసిన్.

కావలసినది 36; ఉన్నది 23. రోజుకు 13 గ్రాముల లైసిన్ తక్కువ. మాంసకృత్తులే మొత్తంమీద 186 గ్రాములు తక్కువ.

"ఇదిగో నీ పిల్ల వెన్నుపూస!" అన్నారు బాబాయిగారు ఆ 13 మీద వేలుపెట్టి.

గుర్రం ఏడాది నిండేసరికి పూర్తి ఎత్తులో సుమారు తొంభైపాళ్ళు పెరుగుతుంది. బరువులో మాత్రం మూడింట రెండువంతులే. మిగిలిన కండ అంతా ఆ తరువాత పట్టవలసినదే. ఆ ఎదుగుదల వయసు దాటితే మళ్ళీ రాదు. బావమరిది ముఖం చిన్నబోయింది. అప్పుచేసి కొన్న పిల్ల. పైగా ఇన్నాళ్ళూ కడుపునిండా పెడుతున్నాననే నమ్మకంతో ఉన్నాడు పాపం!

ఇప్పుడు డబ్బాలు

లెక్క తేలింది కాబట్టి ఇప్పుడు డబ్బాలు తెరవవచ్చు.

మొదటి డబ్బా: రోజుకు ఒక చెంచా పెట్టమని వ్రాసి ఉన్నది. వెనుకవైపు చిన్న అక్షరాల్లో చూస్తే చెంచాలో లైసిన్ 1.2 గ్రాములు. 13 గ్రాముల లోటు పూడ్చాలంటే రోజుకు పదకొండు చెంచాలు కావాలి. డబ్బా వారం కూడా రాదు! తక్కిన పదిహేడు ఆమ్లాల్లో చాలామట్టుకు గడ్డిలోనే దొరికేవి, గుర్రం తానే చేసుకునేవి.

రెండో డబ్బా: అందులో లైసిన్ అసలే లేదు. లూసిన్ కండ కట్టటానికి శరీరానికి సంజ్ఞ ఇచ్చే మాట నిజమే. కాని ఇటుకలు లేనిదే మేస్త్రీని పిలిచి లాభమేమి? ఈ మూడు ఆమ్లాలు ఇస్తే గుర్రాల పరుగు పెరుగుతుందని చేసిన పరీక్షల్లో చాలావాటిలో చెప్పుకోదగిన ఫలం కనిపించలేదు.

మూడో డబ్బా: ఒక మోతాదులో లైసిన్ హైడ్రోక్లోరైడ్ 10 గ్రాములు. ఇక్కడొక మెలిక ఉన్నది. ఆ లవణంలో అసలు లైసిన్ నూటికి 78 పాళ్ళే. అంటే 10 గ్రాములకు సుమారు 8 గ్రాములు. అయినా ఇది మన లోటుకు సరిపడే మందు. లైసిన్, త్రియోనిన్ కలిపి ఇచ్చినప్పుడు ఏడాదిపిల్లల ఎదుగుదల మెరుగైనట్లు ఫ్లోరిడా విశ్వవిద్యాలయంవారు 1994లో ప్రకటించారు. ముసలి గుర్రాలకు కూడా వీటితో కండ నిలిచినట్లు 2005లో మరొక అమెరికా పరిశోధన వెలువడింది.

"అయితే మూడోదే పెడతాను" అన్నాడు బావమరిది ఉత్సాహంగా.

"ఆగవోయ్! లైసిన్ ఒక్కటే కాదు, మొత్తం మాంసకృత్తులే తక్కువని చెప్పానుగదా? ఆ లోటు చెంచాతో పూడదు. గడ్డితో పూడాలి."

ఎండుగడ్డిలో కిలోన్నర తీసివేసి, దాని బదులు కిలోన్నర ఎండు లూసర్న్ వేయమన్నారు. లూసర్న్‌లో మాంసకృత్తులు నూటికి 18 పాళ్ళదాకా ఉంటాయి. దాంతో మాంసకృత్తులు 840 గ్రాములకు, లైసిన్ 32 గ్రాములకు చేరాయి. ఇంకా 4 గ్రాముల లోటు. దానికి నూటయాభై గ్రాముల సోయాచెక్క చాలు. లూసర్న్‌లో సున్నం కూడా ఎక్కువ. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ కాబట్టి, తవుడు మీదనే పెంచిన గుర్రాలకు ఎముకలు గుల్లబారి ముఖం ఉబ్బే జబ్బు వస్తుంది. ఆ దోషాన్ని కూడా లూసర్న్ సరిచేస్తుంది.

"మూడో డబ్బా దాచి ఉంచు. వానాకాలంలో మంచి లూసర్న్ దొరకని రోజుల్లో అక్కరకు వస్తుంది. మొదటి రెండూ కొన్నచోట వాపసు తీసుకుంటారేమో అడుగు" అన్నారు.

సైసు చెప్పిన మాట

అంతసేపూ మౌనంగా ఉన్న సైసు అప్పుడు నోరు విప్పాడు.

"సార్, మా నాయిన కాలంల ఉలవలు నానబెట్టి, ఉడకబెట్టి పెట్టేటోళ్ళం. గుర్రాలు గట్టిగుండేటివి. ఇప్పుడు ఉలవలంటే అందరు నవ్వుతున్నరు. డబ్బాలే అంటున్నరు."

బాబాయిగారు లేచి అతని భుజం తట్టారు. ఉలవల్లో మాంసకృత్తులు నూటికి ఇరవైరెండు పాళ్ళ వరకు ఉంటాయి. లైసిన్ పుష్కలం, మెథియోనిన్ మాత్రం తక్కువ. ఓట్లవంటి గింజల సంగతి దీనికి ఎదురు: మెథియోనిన్ ఫరవాలేదు, లైసిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటును ఒకటి తీరుస్తుంది. మన ఇళ్ళల్లో పప్పూ అన్నమూ కలిపి తినటంలోని కిటుకు కూడా ఇదే!

మరి ఉడకబెట్టటమెందుకు? పచ్చి ఉలవల్లో, పచ్చి సోయాలో మాంసకృత్తులను జీర్ణం కానివ్వని పదార్థాలుంటాయి. వేడి తగిలితే అవి చాలామట్టుకు నశిస్తాయి. సోయా కూడా వేడిచేసి నూనె తీసిన చెక్కగానే వాడాలి గాని పచ్చిగింజలు పెట్టరాదు. శాస్త్రం పేరు తెలియకపోయినా సైసు తండ్రికి పని తెలుసు.

తెలియనిచోట ఏమవుతుందో మార్కోపోలో వ్రాసిపెట్టాడు. పదమూడో శతాబ్దం చివర దక్షిణదేశానికి వచ్చిన ఆ వెనిస్ యాత్రికుడు, పాండ్యదేశపు రాజులు ఏటేటా వేలకొలది గుర్రాలను సముద్రంమీద తెప్పించుకునేవారనీ, ఏడాది తిరిగేసరికి నూరైనా మిగిలేవి కావనీ చెప్పాడు. అన్నంతో మాంసం వండి గుర్రాలకు పెట్టేవారట! వైద్యం తెలిసినవాళ్ళు లేరని కూడా వాపోయాడు. మాంసంలో ఎమినో ఆమ్లాలకు కొదవలేదు. కాని గుర్రం పొట్ట గడ్డికోసం పుట్టిన పొట్ట. మనుమంచి భట్టువంటి కవులు తెలుగులో అశ్వశాస్త్రాన్ని పద్యాల్లోకి దింపారంటే, గుర్రాన్ని పోషించటం ఎంత అవసరమైన విద్యో ఊహించుకోవచ్చు.

డబ్బా చదివే పద్ధతి

గుర్రాలున్నవారికోసం బాబాయిగారు చెప్పిన నాలుగు మాటలు ఇక్కడ పొందుపరుస్తున్నాను.

"మాంసకృత్తులు నూటికి ఇన్ని" అన్న అంకెను చూసి మురిసిపోకూడదు. ఆ అంకె నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేసినది. డెన్మార్కులో కెల్‌డాల్ అనే ఆయన 1883లో కనిపెట్టిన ఆ పద్ధతికి మంచి మాంసకృత్తు ఏదో, చెడ్డది ఏదో తెలియదు. 2008లో చైనాలో పాలలో మెలమిన్ కలిపి పసిపిల్లల ప్రాణాలు తీసినవాళ్ళు ఈ లొసుగునే వాడుకున్నారు. జెలటిన్ కూడా మాంసకృత్తే, చవక కూడాను. కాని అందులో ట్రిప్టోఫాన్ బొత్తిగా లేదు. వేరుశనగచెక్కలో మాంసకృత్తులు మెండు, లైసిన్ కొంచెం. బూజు పట్టిందంటే అది విషం.

రెండోమాట: ఒక మోతాదులో ఏ ఆమ్లం ఎన్ని గ్రాములో విడివిడిగా వ్రాయని డబ్బా కొనవద్దు. "రహస్య మిశ్రమం" అంటే, రహస్యం మనదగ్గరనే దాస్తున్నారన్నమాట. మిల్లీగ్రాముల్లో వ్రాస్తే వెయ్యితో భాగించి చూడాలి. 1,200 మిల్లీగ్రాములు చూడటానికి పెద్దవి; తూస్తే గ్రామున్నర కూడా లేదు!

మూడోమాట: డెక్కలు పగిలే గుర్రానికి మెథియోనిన్ ఉన్న పొడులు అమ్ముతారు. డెక్క కట్టే కెరటిన్‌కు గంధకం ఉన్న ఆమ్లాలు కావాలన్నది నిజమే. బయొటిన్ సంగతి కూడా అంతే: రోజుకు 20 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు లిపిజానర్ జాతి గుర్రాల డెక్కలు బాగుపడ్డట్లు 1995లో ప్రకటించారు. కాని డెక్క నెలకు సెంటీమీటరుకు మించి పెరగదు. తొమ్మిది నెలలు, ఏడాది ఓపిక పట్టలేనివారు డబ్బా మొదలుపెట్టకపోవటమే మేలు.

నాలుగోమాట: కడుపునిండా తిండిలేని గుర్రానికి ఎమినో ఆమ్లాలిస్తే అవి కండ కావు, పొయ్యిలో కట్టె అవుతాయి. ముందు ఆకలి తీరాలి. కాలేయం, మూత్రపిండాలు చెడిన గుర్రానికి డాక్టరును అడగనిదే ఏ డబ్బా తెరవరాదు.

సూది సంగతి

ఇక బావమరిది మొదట అడిగిన సూది ప్రశ్న మిగిలింది. బాబాయిగారు దానికి జవాబుగా ఒక కథ చెప్పారు. కథ కాదు, జరిగిన సంగతి.

2009 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో పెద్ద పోలో పోటీలు జరుగుతున్నాయి. ఒక జట్టు తన గుర్రాలకు అలసట తీరటానికని ఖనిజాలు, విటమినులు కలిపిన సూదిమందు ఇప్పించింది. మందు కలిపినచోట సెలీనియం పాలు లెక్క తప్పింది. ఆటకు సిద్ధమవుతున్న గుర్రాలు ఒక్కొక్కటిగా కూలిపోయాయి. మొత్తం 21 గుర్రాలు చనిపోయాయి. చంపాలని ఎవరూ అనుకోలేదు. బలం రావాలనే ఇచ్చారు.

నోటితో ఇచ్చేవి కూడా హద్దు మీరితే ప్రమాదమే. గుర్రాన్ని శాంతపరుస్తుందని ట్రిప్టోఫాన్ అమ్ముతారు. అది పనిచేస్తుందనటానికి గట్టి ఆధారాలు తక్కువ. పెద్దమోతాదులో త్రాగించిన పొట్టి గుర్రాలకు రక్తకణాలు చితికిపోయినట్లు 1991లో ప్రకటించారు. పందెపు గుర్రాల యజమానులకు మరొక భయం కూడా ఉన్నది. డబ్బాలో ఎమినో ఆమ్లాలతోబాటు కెఫీన్‌వంటిది ఏ కొంచెం కలిసినా పరీక్షలో పట్టుబడి గెలుపు పోతుంది. ఇంగ్లండులో 1979లో నో బాంబ్స్ అనే గుర్రం ఒక చాకొలెట్టు ముక్క తిన్నందుకే గెలిచిన పందెం పోగొట్టుకున్నది!

బావమరిది ఆ తరువాత సూది మాట ఎత్తలేదు.

మూడు నెలల తరువాత

పేడ పరీక్షలో పురుగులు కనిపించాయి. డాక్టరు మందిచ్చాడు. రక్తంలో ఏమీ లేదు. క్రొత్త మేత ఒక్కసారిగా మారిస్తే కడుపుశూల వస్తుందని పదిరోజులపాటు కొంచెం కొంచెంగా మార్చారు. పక్షానికొకసారి సైసే టేపు పట్టి, కొలత పుస్తకంలో వ్రాశాడు. ఆ పుస్తకం తాను వ్రాస్తున్నందుకు అతనికి ఎంత గర్వమో!

మొన్న ఆదివారం వెళ్ళి చూశాను. పుస్తకంలో ఆఖరి అంకె 360 కిలోలు. వీపుమీద గట్టు పోయింది. ఎండలో ఒళ్ళు రాగిచెంబులా మెరుస్తున్నది. చెమట పట్టినప్పుడు మెడమీద తెల్లని నురుగు కడుతున్నది. ఆ నురుగు కూడా లాథరిన్ అనే మాంసకృత్తేనని బాబాయిగారు చెప్పగా విన్నాను.

"బావగారూ, ఇది లూసర్న్ మహిమా, పురుగులమందు మహిమా?" అని అడిగాడు బావమరిది.

నాకేం తెలుసు? ఇంటికి వచ్చి బాబాయిగారిని అడిగాను. ఆయన నవ్వి, "త్రాసు మహిమ" అన్నారు.